జ్వరం పోయింది, రక్తం ఎందుకు తగ్గింది?

ఒక ఊళ్లో అత్తాకోడళ్లు ఉన్నారు. కోడలికి ముప్పై ఏళ్లు. గట్టి మనిషి. నాట్లకు పోతుంది. కలుపుకు పోతుంది. రాత్రి బడికి పోయి చదువు కూడా నేర్చుకుంది.

ఒకసారి ఆమెకు జ్వరం వచ్చింది. గొంతు నొప్పి పుట్టింది. మెడ దగ్గర బిళ్లలు కట్టాయి. పది రోజులకు జ్వరం తగ్గింది. మళ్లీ పనికి పోయింది.

వారం తిరగలేదు. ఆయాసం మొదలైంది. బిందె ఎత్తితే గుండె దడదడ కొట్టుకుంది. ముఖం పాలిపోయింది. కళ్లు పచ్చబడ్డాయి. మూత్రం టీ డికాషన్ రంగులో వచ్చింది. పొద్దున్నే చన్నీళ్లలో చేతులు పెడితే వేళ్లు నీలంగా మారుతున్నాయి.

"కళ్లు పచ్చబడ్డాయంటే కామెర్లేనమ్మా. రేపు పసరు పోయిస్తాను. ఉప్పూ నూనే మానెయ్యి" అంది అత్త.

"ఒంట్లో రక్తం లేదు. ఐరన్ బిళ్లలు మింగితే సరిపోతుంది" అంది పక్కింటామె.

ఇద్దరూ మంచికే చెప్పారు. కోడలు మాత్రం ఏ.ఎన్.ఎం. దగ్గరకు పోయి రక్తం చూపించుకుంది. ఇంటికొచ్చి పెట్టెలోంచి పాత చీటీ తీసింది. అది నెలన్నర కిందట వైద్య శిబిరంలో ఇచ్చిన చీటీ. రెండు చీటీలూ పక్కపక్కన పెట్టి చదివింది.

"అత్తా, అప్పుడు 12 ఉంది. ఇప్పుడు 6 ఉంది. దెబ్బ తగల్లేదు. నెలసరి ఎక్కువ కాలేదు. సగం రక్తం ఎటు పోయింది?"

అత్త దగ్గర జవాబు లేదు. మర్నాడే ఇద్దరూ కలిసి పెద్దాసుపత్రికి బయలుదేరారు.

రక్తం ఎటు పోతుంది?

మన రక్తంలో ఎర్రకణాలు ఉంటాయి. వాటిలో హిమోగ్లోబిన్ అనే పదార్థం ఉంటుంది. అది ప్రాణవాయువును ఒళ్లంతా మోసుకుపోతుంది. చీటీ మీద రాసే అంకె దానిదే. మామూలు స్త్రీకి అది 12 గ్రాములకు తగ్గకూడదు. గర్భిణికి 11కి తగ్గకూడదు.

ఒక ఎర్రకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. పాతవి పోతుంటే ఎముకల లోపలి మూలుగలో కొత్తవి పుడతాయి. అందుకే రక్తం తరగదు.

మన దేశంలో రక్తహీనత చాలామంది ఆడవాళ్లకు ఉంది. 2019-21 ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి ఉందని తేలింది. దీనికి ఒక ముఖ్య కారణం ఇనుము చాలకపోవడం. తిండి చాలక వచ్చే రక్తహీనత మెల్లగా వస్తుంది. నెలన్నరలో సగం రక్తం పోదు. ఈమెకు రక్తం పుట్టక కాదు, పుట్టిన రక్తం పగిలిపోయి తగ్గింది. కణాలు పగిలితే పచ్చని పదార్థం తయారవుతుంది. అందుకే కళ్లు పచ్చబడ్డాయి.

కాపలా ఎందుకు పొరబడింది?

మన ఒంట్లో రోగాలతో పోరాడే కాపలా బలం ఉంది. వైరస్ అనే సూక్ష్మజీవి వస్తే దాన్ని పట్టుకోవడానికి ఒళ్లు ప్రత్యేక పదార్థాలు తయారు చేస్తుంది. వాటిని యాంటీబాడీలు అంటారు.

వరిచేలో ఊద మొలుస్తుంది. లేత ఊద చూడటానికి వరిలాగే ఉంటుంది. చేయి తిరిగిన కూలీ కూడా ఒక్కోసారి ఊద అనుకుని వరినే పీకేస్తుంది. ఒంట్లోనూ ఇలాంటి పొరపాటు జరగవచ్చు. వైరస్ కోసం పుట్టిన యాంటీబాడీలు కొందరిలో సొంత ఎర్రకణాలకే అంటుకుంటాయి. అంటుకున్న కణాలను కాలేయం, ప్లీహం నాశనం చేస్తాయి. కొన్ని రక్తంలోనే పగులుతాయి. ప్లీహం ఎడమ డొక్కలో ఉంటుంది. అది వాస్తే ఊళ్లో 'బల్ల' అంటారు.

ఈమెకు వచ్చింది ఎప్‌స్టీన్-బార్ వైరస్ జ్వరం. ఇది ఎక్కువగా ఉమ్మి ద్వారా అంటుతుంది. 1964లో లండన్‌లో ఎప్‌స్టీన్, అచాంగ్, బార్ అనే ముగ్గురు దీన్ని కనుగొన్నారు. వారిలో బార్ స్త్రీ. 2020లో కరోనా వచ్చాక ఆ జబ్బు చేసిన కొందరిలో కూడా ఇలాగే రక్తం పగిలింది.

భయపడనక్కరలేదు. జ్వరం వచ్చిన అందరికీ ఇలా కాదు. ఇది అరుదైన జబ్బు. ఒకరి నుంచి ఒకరికి అంటేది వైరసే. రక్తం పగలడం అంటుకోదు.

ఎలా తెలుస్తుంది? ఏం చేస్తారు?

కాలేయం చెడినా కళ్లు పచ్చబడతాయి. మలేరియాలోనూ రక్తకణాలు పగులుతాయి. కంటితో చూసి తేల్చలేం. పరీక్ష చేయాలి. కణాలకు యాంటీబాడీలు అంటుకున్నాయో లేదో కూంబ్స్ పరీక్ష చెబుతుంది. 1945లో ఇంగ్లండులో కూంబ్స్ అనే శాస్త్రవేత్త, తోటివారు ఇద్దరు దీన్ని తయారు చేశారు.

ఈ జబ్బులో ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి చలికి ఎక్కువయ్యే రకం. ఈమెది అదే. అందుకే చన్నీళ్లకు వేళ్లు నీలమయ్యాయి. డాక్టరు ఆమెను వెచ్చగా ఉంచారు. ఫోలిక్ యాసిడ్ బిళ్లలు ఇచ్చారు. ఒక సీసా రక్తం వెచ్చబరచి, మెల్లగా ఎక్కించారు. వైరస్ వల్ల వచ్చే ఈ రకం చాలామందిలో కొన్ని వారాల్లో దానంతట అదే తగ్గుతుంది. అంతవరకు ప్రాణం నిలపడమే వైద్యం.

రెండో రకానికి స్టెరాయిడ్ బిళ్లలు ఇస్తారు. ఒళ్లు బాగుందని వాటిని సొంతంగా మానకూడదు. డాక్టరు చెప్పినట్టు మెల్లమెల్లగా తగ్గించాలి.

కోడలు రెండు నెలలకు మళ్లీ చీటీ రాయించుకుంది. 11 ఉంది. ఈసారి అత్తే అడిగింది: "ఏదమ్మా, ఆ చీటీ ఇటు చదువు."

గుర్తుంచుకోండి

జ్వరం తగ్గాక ముఖం పాలిపోయి, కళ్లు పచ్చబడి, మూత్రం ముదురు రంగులో వస్తే వెంటనే ఆసుపత్రికి పోవాలి. పసరు కోసం తిరిగితే రోజులు పోతాయి. ఆ రోజుల్లో రక్తం ఇంకా పడిపోవచ్చు.

ఆయాసం ఎక్కువైనా, కళ్లు తిరిగి పడిపోయినా 108కి ఫోన్ చేయాలి.

డాక్టరు రాసిన ఐరన్ బిళ్లలు మానొద్దు. అవి మింగుతున్నా రక్తం పడిపోతుంటే ఆ మాట డాక్టరుకు చెప్పాలి.

రక్తం చీటీలు పారేయొద్దు. తేదీ చూసి దాచుకోవాలి. ఆసుపత్రికి పోయేటప్పుడు పాతవీ తీసుకుపోవాలి.

ఆలోచించి చెప్పండి

1. తిండి చాలక రక్తం తగ్గడానికి, రక్తం పగిలి తగ్గడానికి తేడా ఏమిటి?
2. పాత చీటీ లేకపోతే కోడలికి ఏమయ్యేది?
3. మీ ఇంట్లో ఎవరెవరి రక్తం చీటీలు ఉన్నాయి? వాటిలో అంకె ఎంత ఉంది?