పాటల జ్ఞాపికలు: దాచుట, చదువుట

ఒక గాయకునిపై అభిమానం కలిగినవారు ఆ గానానికి సంబంధించిన వస్తువు ఏదో ఒకటి ఇంట ఉంచుకొనవలెనని కోరుకోవటం సహజం. గ్రామఫోను ప్లేటు, నాటకపు కరపత్రం, సినిమా పాటల పుస్తకం, సంతకాల పుస్తకం, చిరిగిన టిక్కెట్టు ముక్క, ఇవన్నీ ఆ కోరిక ధరించిన రూపాలే. దీనిని వెర్రి అని కొట్టివేసే పెద్దలున్నారు. కాని గడచిన నూరేండ్ల తెలుగు పాటను గురించి మనకు తెలిసినదానిలో కొంత భాగం ఈ వెర్రివారి పెట్టెలలోనుండి వచ్చినదే.

యానాం సంగతి చూడండి. 1954 నవంబరు 1న పాలన భారత ప్రభుత్వం చేతికి వచ్చేవరకు ఈ పట్టణం ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండినది. ఏలుబడి ఎవరిదైనా ఊరి పలుకు తెలుగే, పద్యం తెలుగే. తిరుపతి వేంకట కవులలో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు 1870లో కడియంలో జన్మించి, బాల్యంలో ఇక్కడ పెరిగి చదువుకొన్నవారు. ఆ జంటకవుల పాండవోద్యోగ విజయ నాటకాలు తరువాతి కాలంలో ఊరూరా రంగస్థలమెక్కినవి. పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు వంటివారు అందులోని శ్రీకృష్ణ పాత్రతోనే జనానికి ఆరాధ్యులైనారు. గోదావరి సీమలో పద్యాభిమాని అంటే చదువుకొన్నవాడే కానక్కరలేదు. అక్షరం రాకున్నా నాటకమంతా కంఠస్థం చేసినవారు పల్లెపల్లెనా ఉండేవారు.

అటువంటి అభిమాని దాచుకొన్న ప్లేటు మనకు ఏమి చెప్పగలదు? ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. పది అంగుళాల పాత ప్లేటు నిమిషానికి 78 చుట్లు తిరుగుతుంది. ఒక ప్రక్కన సుమారు మూడు నిమిషాలే పడుతుంది. రంగస్థలంమీదనో, ఒక్క పద్యాన్ని రాగం తీసి, చప్పట్లకు ‘వన్సుమోరు’లకు లొంగి, చాలసేపు సాగదీయటం వాడుక. కాబట్టి కపిలవాయి రామనాథశాస్త్రి, అద్దంకి శ్రీరామమూర్తి వంటి నటగాయకులు ప్లేటులో పాడిన పాట, వారు పందిట్లో పాడిన పాట ఒకటి కావు. ప్లేటుకోసం రాగాన్ని కుదించవలసి వచ్చినది. కంఠం మిగిలినది, సభ మిగలలేదు.

ఆ సభ మిగిలినది కాగితంలో. జట్కాబండిమీద డప్పు వాయిస్తూ పంచిపెట్టిన కరపత్రంలో ఊరి పేరు, తేదీ, పాత్రధారుల పట్టిక, తరగతులవారీగా టిక్కెట్ల ధరలు ఉంటవి. నేల టిక్కెట్టుకు, కుర్చీ టిక్కెట్టుకు ఎంత తేడా పెట్టినారో చూస్తే ఆనాటి ప్రేక్షకులెవరో ఊహించవచ్చును. ప్లేటుకు కంఠమున్నది, ఊరు లేదు. కాగితానికి ఊరున్నది, కంఠం లేదు. రెండూ ఒకే పెట్టెలో ఉన్నప్పుడే అది సేకరణ అనిపించుకొంటుంది. ప్లేట్లు మాత్రమే కొని కాగితాలను పారవేసేవారు సగం కథను పారవేస్తున్నారని నా అభిప్రాయం.

సినిమా పాటల పుస్తకం ఇంకను విలువైనది. హాలు గుమ్మంవద్ద అణాకో రెండణాలకో అమ్మిన ఆ పలుచని పుస్తకంలో కథ సగందాకా చెప్పి, తక్కినది తెరమీద చూడుమని ఆపివేసేవారు. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932లో విడుదలైనది. దాని ప్రతి నేడు చూడటానికి దొరకదు. ఆ కాలపు చిత్రాలు మరెన్నో ఆ విధంగానే పోయినవి. అటువంటి చిత్రాలకు ఒక్కొక్కప్పుడు పాటల పుస్తకమే ఏకైక సాక్షి. అందులోని బొమ్మలు కత్తిరించి ఆల్బములో అంటించుకోవటం అభిమానమే కాని, సాక్షిని నరకటం కూడా.

ఈ అలవాటు మన దేశానికే పరిమితం కాదు. ఇంగ్లండులోని బర్మింగుహాములో బ్లాక్ సబత్ అనే వాద్యబృందం 1970లో తొలి రికార్డు విడుదల చేసినది. పెద్ద ధ్వనితో సాగే ఆ సంగీతానికి హెవీ మెటల్ అని పేరు. దాని అభిమానులు కచేరీ చొక్కాలు, వాద్యకారులు జనంలోకి విసిరే గిటారు మీటుబిళ్లలు ఏరి దాచుకొంటారు; బృందాల పేర్లు కుట్టిన గుడ్డముక్కలతో కోట్లు నింపుకొంటారు. ఆ సంగీతం మన చెవికి ఇంపుగా ఉండునా అన్నది వేరు మాట. 2019లో ఆ నగరపు మ్యూజియం అటువంటి అభిమానుల వస్తువులతో ప్రదర్శన ఏర్పరచినది. ఊరు తన పాటను తానే గౌరవించుకొన్నదన్నమాట.

మన డెల్టాలో దాచినదానికి శత్రువులెక్కువ. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరంవద్ద 35 లక్షల క్యూసెక్కుల నీరు పారినది. 1996 నవంబరు 6 నాటి తుపాను యానాంను, కోనసీమను చీల్చివేసినది. 2022 జూలైలో యానాం మళ్లీ నీట మునిగినది. కనుక పెట్టెను నేలమీద గాని అటకమీద గాని ఉంచరాదు. అటకమీది వేడికి ప్లేటు వంగుతుంది. గోడకు ఆనని ఎత్తైన అలమారు మేలు.

పాత ప్లేటు చాలవరకు లక్కతో చేసినది. దానిని నిలువుగా, పుస్తకంవలె నిలబెట్టవలెను. దొంతరగా పేర్చితే అడుగుది పగులుతుంది. మెత్తని గుడ్డతో తుడవవలెను. స్పిరిటు మాత్రం తగలనీయరాదు, లక్క కరిగిపోతుంది. తాళం తిప్పే పాతపెట్టెమీద వాయిస్తే ఉక్కుముల్లు గాడిని అరగదీస్తుంది. ప్రతి ప్రక్కకు కొత్త ముల్లు మార్చుమని చెప్పేది అందుకే. లాంగుప్లే రికార్డులకు వాడే సన్నని ముల్లు కూడా దీనికి పనికిరాదు, గాడి వెడల్పు వేరు.

కాగితాలకు మైదా జిగురు పూయరాదు, రామబాణపు పురుగులను విందుకు పిలిచినట్లే. అంటుడు టేపు కొన్నేండ్లకు పసుపుపచ్చని మచ్చ మిగులుస్తుంది. వర్షాకాలం వెళ్లినాక, ఎండలో కాక నీడగాలిలో ఆరనిచ్చి, బాగా ఎండిన వేపాకుతో పెట్టెలో ఉంచటం మన పెద్దల పద్ధతి. విడి కవరుమీద పెన్సిలుతో ఎక్కడ, ఎవరినుండి, ఎప్పుడు దొరికినదో వ్రాయవలెను. ఈ వివరం లేని కరపత్రం చిరునామా లేని ఉత్తరంవంటిది. ప్లేటు చీటీమీది క్రమసంఖ్యను కూడా వ్రాసుకొన్నచో, చీటీ ఊడిపోయినా గుర్తుపట్టవచ్చును.

ఇంటివారు జ్ఞాపికలని తలపెట్టని వస్తువులు కొన్ని ఉంటవి. తపాలా కార్యాలయంలో రుసుము చెల్లించి పుచ్చుకొన్న రేడియో లైసెన్సు పుస్తకం అటువంటిది. ఆ లైసెన్సు 1980 దశకంలో రద్దయినది. పకోడీల పొట్లాలుగా వెళ్లిపోయిన పాత రేడియో పత్రికలూ అంతే.

వారసులకు ఆసక్తి లేదని తోచినప్పుడు తూకానికి అమ్మకముందు ఒక గ్రంథాలయాన్ని అడిగి చూడండి. వేటపాలెం సారస్వత నికేతనంలో పాత పత్రికలు నేడు చదవటానికి దొరకుటకు ఎవరో వాటిని పారవేయకుండుటే కారణం. రాజమహేంద్రవరంలో గౌతమీ గ్రంథాలయమున్నది. ముందుగా జాబితా వ్రాసి పంపి, వారు ఏమి తీసుకోగలరో తెలుసుకొని, మిగిలినవాటిని పద్యం వినే ఏ ఇంటివారికైనా ఆ జాబితా ప్రతితో సహా అప్పగించవచ్చును.