వార్తల్లో పదం: నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏ

మన జన్యుపదార్థంలో ప్రొటీన్ల తయారీకి నేరుగా సూచనలిచ్చే భాగం 2 శాతానికి మించదు. మిగతా భాగంలోనూ చాలాచోట్ల ఆర్‌ఎన్‌ఏ తయారవుతుంది, కానీ దాన్నుంచి ప్రొటీన్ రాదు. అదే నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏ. ఏ జన్యువు ఎప్పుడు, ఎంత పనిచేయాలో అదుపు చేయడంలో దీనికి పెద్ద పాత్రే ఉంది. ఈ రకం ఆర్‌ఎన్‌ఏల్లో సుమారు 22 అక్షరాల పొడవుండే మైక్రో ఆర్‌ఎన్‌ఏను కనుగొన్నందుకే విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కన్‌లకు 2024లో వైద్య నోబెల్ దక్కింది.

గర్భం నిలవడంలోనూ ఈ ఆర్‌ఎన్‌ఏల పాత్ర కనిపిస్తుంది. గర్భాశయం పిండాన్ని ఎప్పుడు పడితే అప్పుడు స్వీకరించదు. అండం విడుదలయ్యాక కొద్ది రోజులు మాత్రమే దాని లోపలి పొర అందుకు సిద్ధంగా ఉంటుంది. ప్రొజెస్టిరాన్ ప్రభావంతో ఆ పొరలోని కణాలు రూపం మార్చుకుంటాయి. ఆ మార్పుకు అడ్డొచ్చే జన్యువులను అణచడంలో మైక్రో ఆర్‌ఎన్‌ఏలు తోడ్పడతాయి. వీటి తయారీకి అవసరమైన డైసర్ ఎంజైమ్‌ను ఆడ చుంచెలుకల పునరుత్పత్తి అవయవాల్లో లేకుండా చేస్తే, వాటికి సంతానమే కలగలేదు.

అన్నిటికన్నా అబ్బురమనిపించేది స్పెయిన్ పరిశోధకులు 2015లో వెల్లడించిన విషయం. గర్భాశయ ద్రవంలోకి విడుదలయ్యే మిర్-30డి అనే మైక్రో ఆర్‌ఎన్‌ఏను పిండం తనలోకి తీసుకుంటుంది. చుంచెలుకల పిండాలకు దీన్ని అందించి చూసిన ప్రయోగంలో వాటి అతుక్కునే గుణం పెరిగింది. అంటే, గర్భం నిలవకముందే తల్లి నుంచి బిడ్డకు కబురు అందుతోందన్నమాట!

గర్భాశయం లోపలి పొరలాంటి కణజాలం దాని వెలుపల పెరిగే ఎండోమెట్రియోసిస్ ఉన్న మహిళల్లో హెచ్19 అనే పొడవాటి ఆర్‌ఎన్‌ఏ తగ్గి, గర్భాశయం లోపలి పొర కణాల వృద్ధి మందగిస్తున్నట్టు కూడా తేలింది. ఐవీఎఫ్‌లో మంచి పిండం సైతం ఒక్కోసారి ఎందుకు నిలవడం లేదన్న ప్రశ్నకు జవాబు వెతికేవాళ్లు ఇప్పుడు ఈ అణువులపైనా దృష్టి పెడుతున్నారు.