పడగొట్టే ముందు ఒక్క మాట!

ఉక్కునగరం క్వార్టర్లో ఉంటున్న ప్రతి ఇల్లాలికీ ఒక తేదీ బాగా గుర్తుంటుంది. అది ఆయన రిటైరయ్యే తేదీ. దండలు, శాలువా, గ్రూపు ఫొటో, స్వీటు ప్యాకెట్లు అన్నీ అయిపోయాక మిగిలేది ఒక్కటే ప్రశ్న. క్వార్టరు ఖాళీ చేసి ఎక్కడికి వెళ్ళాలి?

ముందే ఫ్లాటు కొనుక్కున్నవాళ్ళకి ఏ గొడవా లేదు. కానీ అనకాపల్లిలోనో, భీమిలిలోనో, విశాఖ పాత ఊళ్ళోనో అత్తగారి కాలంనాటి పెంకుటిల్లు ఒకటి ఉందనుకోండి. ఇక ఇంట్లో మాటలు ఎలా నడుస్తాయో మీకు నేను చెప్పాలా? ‘‘బిల్డరుకిచ్చేద్దాం, రెండు ఫ్లాట్లొస్తాయి’’ అంటాడు అబ్బాయి. ‘‘కాస్త రిపేరు చేయిస్తే సరిపోదూ...’’ అని నసుగుతారు ఆయన. అత్తగారు నూతిగట్టు మీద కూర్చుని అన్నీ వింటూంటారు, ఏమీ అనరు. మీరు వంటింట్లో ఉంటారు. మిమ్మల్ని అడిగేవాళ్ళే ఉండరు!

నిజానికి ఇది మీ ఇంటి సమస్య మాత్రమే కాదు. పాత కట్టడాన్ని పడగొట్టకుండా దానికి కొత్త పని అప్పగించడం ఎలాగో ఆర్కిటెక్టులు ఎంతోకాలంగా ఆలోచిస్తున్నారు. ఇప్పుడు దాన్నొక ప్రత్యేక విద్యగానే నేర్చుకుంటున్నారు. వాళ్ళ దగ్గర మనం నేర్చుకోదగ్గ సంగతులు కొన్ని ఉన్నాయి. దూరం వెళ్ళక్కర్లేదు, మన బీచిరోడ్డు నుంచే మొదలుపెడదాం.

ఒడ్డెక్కిన సబ్‌మెరైన్

వైజాగు వచ్చిన చుట్టాల పిల్లలకి ‘కురుసుర’ సబ్‌మెరైన్ చూపించకుండా పంపరు కదా! అది 1969 డిసెంబరులో నౌకాదళంలో చేరింది. 1971 యుద్ధకాలంలో పనిచేసింది. ముప్ఫై ఒక్కేళ్ళ సర్వీసు తరవాత 2001 ఫిబ్రవరిలో రిటైరయింది. తొంభై మీటర్లు దాటిన ఆ ఇనపపడవని తుక్కు కింద అమ్మేసి ఉంటే ఆ ఏడాదే అందరూ మరిచిపోయేవారు. అలా చెయ్యకుండా ఒడ్డుకు లాగి, ఇసకలో దిమ్మలమీద నిలబెట్టి, 2002 ఆగస్టులో మ్యూజియంగా తెరిచారు.

ఈసారి వెళ్ళినప్పుడు ఒక్క సంగతి గమనించండి. నావికులు ఆ పడవలోకి పైనున్న మూతలు తెరుచుకుని నిచ్చెన మీదుగా దిగేవారు. చీర కట్టుకున్నవాళ్ళూ, మోకాళ్ళ నొప్పులవాళ్ళూ, చంటిపిల్లల తల్లులూ అలా దిగగలరా? అందుకే పక్కన గోడకి ద్వారాలు పెట్టి, బయట మెట్లు కట్టారు. లోపల మాత్రం నావికుల ఇరుకు పడకలు, చిన్న వంటగది, టార్పెడోలు పెట్టే గొట్టాలు ఎలా ఉన్నవి అలాగే ఉంచారు. మార్చాల్సింది మార్చారు, చూడాల్సింది ఉంచారు. ఇంకో మంచిపని కూడా చేశారు. లోపల తిప్పి చూపించే పని నౌకాదళంలో చేసి రిటైరైనవాళ్ళకే ఇచ్చారు. పాత ఇనుముతోపాటు పాత అనుభవానికీ పని దొరికింది!

అదే బీచిరోడ్డులో విశాఖ మ్యూజియం ఉంది. డచ్చివాళ్ళ నాటి బంగళా అది. 1991లో మ్యూజియంగా మారింది. పిల్లలు స్కూలు బస్సుల్లో వచ్చి చూస్తున్నారు కాబట్టి దాని తలుపులు రోజూ తెరుచుకుంటున్నాయి, కప్పు కారితే ఎవరో ఒకరు పట్టించుకుంటున్నారు. పాత కట్టడానికి అన్నిటికన్నా పెద్ద మందు అదే. దానికొక పనుండాలి, అందులోకి రోజూ మనుషులు రావాలి. తాళం వేసిన ఇల్లు ఎంత గట్టిదైనా పదేళ్ళలో పాడుపడుతుందని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు.

ఆశ్రమాలు ఆస్పత్రులయ్యాయి

కొత్త పని సరే, ఎవరికోసం? ఈ ప్రశ్నని జీవితమంతా అడిగిన ఆర్కిటెక్టు ఒకాయన ఉన్నారు. పేరు లారీ బేకర్. 1917లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో పుట్టారు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఓడకోసం ఎదురుచూస్తూ బొంబాయిలో ఆగిపోయినప్పుడు గాంధీజీని కలిశారు. ఇల్లు కట్టడానికి కావలసిన సామగ్రి ఆ చుట్టుపక్కల అయిదు మైళ్ళలోనే దొరకాలని గాంధీజీ చెప్పిన మాట ఆయన మనసులో నాటుకుపోయింది.

1945లో ఆయన మళ్ళీ మన దేశం వచ్చింది దేనికో తెలుసా? కుష్ఠురోగుల్ని వెలివేసి ఉంచే పాత ఆశ్రమాలని వైద్యం చేసే ఆస్పత్రులుగా మార్చడానికి! అప్పటికి ఆ జబ్బుకి కొత్త మందులొచ్చాయి. వైద్యంతో నయమవుతున్నప్పుడు మనిషిని గోడలవతల దాచిపెట్టడం ఎందుకు? దాచిపెట్టడానికి కట్టిన కట్టడాన్ని బాగుచేసి పంపే చోటుగా మార్చడమే ఆయన ఉద్యోగం. హైదరాబాదులో కుష్ఠురోగులకి సేవ చేస్తున్న డాక్టరు ఎలిజబెత్ జాకబ్‌ని 1948లో పెళ్ళి చేసుకున్నారు. హిమాలయాల్లోని పితోరాగఢ్‌లో పదహారేళ్ళు, తరవాత కేరళలో చివరిదాకా, ఆవిడ వైద్యం చేస్తే ఈయన కట్టడాలు కట్టారు.

పితోరాగఢ్ కొండల్లో ఆయనకి తన చదువు పెద్దగా పనికిరాలేదు. అక్కడి రాయి, మట్టి, కొయ్య, చలి గురించి అక్కడి జనానికే ఎక్కువ తెలుసు. దాంతో వాళ్ళ దగ్గరే నేర్చుకున్నారు. తరవాత కేరళలో కట్టిన ఇళ్ళల్లో పాత తలుపులూ, కిటికీలూ, పగిలిన పెంకులూ దేన్నీ పారెయ్యలేదు. బొమ్మలు గీయడానికి కూడా వాడేసిన కాగితాల వెనకవైపే వాడేవారట! 1990లో పద్మశ్రీ అందుకున్న ఆయన 2007లో తిరువనంతపురంలో కన్నుమూశారు.

చెత్తలోంచి బయటపడ్డ బావి

ఇప్పుడు మన తెలుగు నేల మీది సంగతి, అదీ ఒక మహిళ చేసిన పని. సికింద్రాబాదులోని బన్సీలాల్‌పేటలో పదిహేడో శతాబ్దం నాటిదని చెప్పే మెట్లబావి ఒకటుంది. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల వాళ్ళందరికీ అదే నీళ్ళ ఆధారం. ఇంటింటికీ కుళాయిలొచ్చాక దానివైపు చూసేవాళ్ళు తగ్గారు. తరవాత ఏమవుతుందో మనకు తెలియనిది కాదు. ఒకరు చెత్తబుట్ట గుమ్మరిస్తారు. వాళ్ళని చూసి ఇంకొకరు. కొన్నేళ్ళకి బావి కాస్తా చెత్తకుండీ అయి, మెట్లు కూడా కనబడకుండా పూడిపోయింది.

ఆర్కిటెక్టు కల్పనా రమేశ్ తన ఇంట్లో వాననీటిని పట్టి వాడుకోవడంతో మొదలుపెట్టి, చెరువుల మీదికీ, ఆ తరవాత పాత మెట్లబావుల మీదికీ దృష్టి మళ్ళించారు. ఆవిడ చొరవతో, హైదరాబాదు నగరపాలక సంస్థతో కలిసి 2021లో బన్సీలాల్‌పేట బావిలోని చెత్త తియ్యడం మొదలుపెట్టారు. తీసేకొద్దీ మెట్లు బయటపడ్డాయి. ఆ కిందినుంచి స్తంభాలు వచ్చాయి. అడుగున నీళ్ళూ ఊరాయి! యాభై అడుగులకి పైగా లోతున్న ఆ బావిని బాగుచేసి 2022 డిసెంబరు 5న జనానికి అప్పగించారు. చుట్టూ కూర్చునే చోటు, మొక్కలు, సాయంత్రం దీపాలు పెట్టారు.

ఇందులో మనం పట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఆ బావిని పూడ్చేసి పైన నాలుగంతస్తుల కట్టడం వేస్తే లాభం ఒకరిద్దరికే అందేది. బాగుచెయ్యడంవల్ల ఇరుకు గదుల్లో ఉండేవాళ్ళకి సాయంత్రం గాలి పోసుకునే చోటు దొరికింది, నేలలోకి నీళ్ళు ఇంకే దారి దొరికింది. పిల్లలకి తమ పేట చరిత్ర కళ్ళెదుట కనబడింది. చెత్త తీసినంత మాత్రాన సరిపోదు, మళ్ళీ వెయ్యకుండా చూసుకునే మనుషులు కావాలి. ఆ చోటు తమదనుకున్న రోజునే ఇరుగుపొరుగు కాపలా కాస్తారు. ఎవరికోసమో ఆలోచించి చేసిన పనికి ఉండే బలం అదే.

ఇక మీ ఇంటి సంగతి

ఇప్పుడు మళ్ళీ మీ పెంకుటింటికి వద్దాం. బిల్డరు మాట వినే ముందు ఇల్లంతా ఒకసారి తీరిగ్గా తిరగండి. పాతదల్లా మంచిదేనని నేను అనడం లేదు. గోడ ఒరిగిపోయి, దూలం పుచ్చిపోయి, లోపలున్నవాళ్ళ ప్రాణానికే ప్రమాదమైతే ఆ ఇంటిమీద మమకారం పనికిరాదు. కాకపోతే ఆ తీర్పు చెప్పాల్సింది స్థలం మీద కన్నేసినవాళ్ళు కాదు. ఫీజిచ్చి ఒక ఇంజనీరుని పిలిపించి చూపించండి. తీర్పు ఎటొచ్చినా ఆ ఫీజు దండగ కాదు.

మన వైజాగు ప్రాంతంలో ముఖ్యంగా చూడాల్సినవి ఇవి:

1. ఉప్పుగాలి. మధ్యలో ఎప్పుడో వేసిన శ్లాబు గది ఉంటే దాని కప్పు చూడండి. లోపలి చువ్వలు తుప్పుపట్టి ఉబ్బితే కింద పెచ్చులు ఊడతాయి. పైన సిమెంటు పూసి సున్నం కొట్టేస్తే జబ్బు దాచినట్టే. తుప్పు పూర్తిగా తీయించాకే ప్లాస్టరు.

2. చెమ్మ. పాత ఇళ్ళ ఇటుక గోడలు చాలావరకు సున్నంతో కట్టినవి. సున్నం గోడ చెమ్మని పీల్చి బయటికి వదిలేస్తుంది. దానిమీద సిమెంటు పూత వేస్తే ఆ చెమ్మకి దారి మూసుకుపోయి గోడ లోపల్లోపలే చెడుతుంది. సున్నం గోడకి సున్నం పూతే వేయించండి. గోడ మొదట్లో వాననీళ్ళు నిలవకుండా ముందు కాలవ తీయించండి.

3. కొయ్య. దూలాలు, వాసాలు, ద్వారబంధాలు స్క్రూడ్రైవరుతో అక్కడక్కడ గుచ్చి చూడండి. సులువుగా దిగిపోతే చెద తిన్నట్టే. ఆ ఒక్క వాసం మారిస్తే చాలు, కప్పంతా విప్పక్కర్లేదు.

4. గాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిన రోజు మనలో ఎవరు మర్చిపోయారు? పెంకుటింటి కప్పుని ఇనప పట్టీలతో గోడలకి బిగించమని మేస్త్రికి మరీ మరీ చెప్పండి.

కొత్త గోడ కట్టాల్సి వస్తే మన ఊరి సరుకే ఉంది. థర్మల్ విద్యుత్ కేంద్రాల బూడిదకి సున్నం, జిప్సం కలిపి, బట్టీలో కాల్చకుండానే ఇటుక చేసే పద్ధతిని విశాఖలోనే డాక్టర్ భానుమతీదాస్, కాళిదాస్ దంపతులు తయారుచేసి దేశానికి అందించారు. పొలాల్లో పైమట్టి తవ్వక్కర్లేదు, బట్టీ పొగా ఉండదు. స్టీలుప్లాంటు కొలిమి పైన తేలే చిట్టెం కూడా సిమెంటు తయారీకి వెళుతుంది. ఒకచోట పనికిరానిది ఇంకోచోట గోడవుతోంది!

పడగొట్టక తప్పదనుకున్నా అంతా తుక్కువాడి పాలు చెయ్యకండి. టేకు తలుపులు, బంగాళా పెంకులు, కడప బండలు, పాత ఇటుకలు విప్పించి దాచండి. బేకర్ పెంకుల్ని శ్లాబులోనే వాడారు. శ్లాబు కింది సగంలో చువ్వల మధ్యనుండే కాంక్రీటు పెద్దగా బరువు మొయ్యదు. అక్కడ పెంకులు పెడితే ఆ మేరకు సిమెంటు మిగులుతుంది. అయితే ఇంజనీరు లెక్క కట్టాకే ఈ పని చేయించండి, మేస్త్రి అందాజా మీద వద్దు.

ముందు ఎవరిని అడగాలి?

డబ్బు లెక్కలు ఎలాగూ మగవాళ్ళు వేస్తారు. మీరు ఇంకో లెక్క వెయ్యండి. ఈ ఇంట్లో అందరికంటే ఓపిక తక్కువ ఎవరికి? ఇల్లు ఆ మనిషికి తగ్గట్టు మార్చండి. అది మీ అత్తగారైతే పెరట్లో చివరనున్న బాత్‌రూము ఆవిడ గది పక్కకి రావాలి. రాత్రిపూట తట్టుకునే గడపలు తీసెయ్యాలి. గోడకి పట్టుకోడానికి ఒక కడ్డీ ఉండాలి. వంటగట్టు ఎత్తు మేస్త్రి అలవాటు ప్రకారం కాకుండా రోజూ నిలబడే మీ మోచేతికి నాలుగు వేళ్ళ కిందికి ఉండాలి. ముందు గదికి వీధివైపు తలుపుంటే అదొక కుట్టుమిషను దుకాణమో, ట్యూషను గదో అవుతుంది, లేదా ఒక చిన్న కుటుంబానికి అద్దె ఇల్లవుతుంది. పాత ఇల్లు తన ఖర్చు తనే సంపాదించుకుంటుంది.

మనం ఉంటున్న ఈ ఉక్కునగరం కూడా ఊరికే వెలియలేదు. స్టీలుప్లాంటు కోసం ఎన్నో పల్లెలు ఖాళీ అయ్యాయి. ఎందరో ఇల్లాళ్ళు తమ వాకిళ్ళు వదులుకుని వెళ్ళారు. ఉండాలో పోవాలో తేల్చుకునే వీలు వాళ్ళకి దొరకలేదు. మీకు దొరికింది.

కాబట్టి ఈ ఆదివారం ఒక పని చెయ్యండి. కాఫీ గ్లాసులు రెండు పట్టుకుని నూతిగట్టు దగ్గరికి వెళ్ళి అత్తగారి పక్కన కూర్చోండి. ‘‘ఈ ఇంట్లో మీకు ఏది కష్టంగా ఉందండీ? ఏది పోకూడదనుకుంటున్నారు?’’ అని అడగండి. మంచి ఆర్కిటెక్టు ఎవరైనా మొదట అడిగే ప్రశ్నలు ఆ రెండే. ఆవిడ ‘అమ్మెయ్యండమ్మా, నాకు లిఫ్టున్న ఇల్లే సుఖం’ అన్నా ఆశ్చర్యపోకండి, అదీ జవాబే. కానీ ఆవిడ మాట వినకుండా మాత్రం గునపం పట్టనివ్వకండి!