మాఫీ కాదు, వాయిదా: కరోనా కాలంలో రాయ్‌పూర్‌కు అందిన చేయూత

రాయ్‌పూర్: కొలిమి చల్లారినా కరెంటు బిల్లు మాత్రం ఆగలేదు. 2020 మార్చి 25న దేశవ్యాప్తంగా లాక్‌డౌన్ అమలులోకి వచ్చినప్పుడు ఛత్తీస్‌గఢ్ రాజధాని శివార్లలోని ఉర్లా, సిల్తరా పారిశ్రామిక వాడల యాజమాన్యాలను కలవరపరచిన విషయాలలో ఇది ముఖ్యమైనది. ఇంటి బిల్లు వాడిన యూనిట్లను బట్టి వస్తుంది. పరిశ్రమ బిల్లులో మరో పద్దు ఉంటుంది. విద్యుత్ సంస్థతో ఎంత లోడుకు ఒప్పందం కుదుర్చుకుంటే దానికి తగిన డిమాండ్ చార్జీని, ఒక్క యూనిట్ వాడకపోయినా, నెలనెలా చెల్లించవలసిందే. తుక్కును, స్పాంజ్ ఐరన్‌ను విద్యుత్ కొలిముల్లో కరిగించే ఉక్కు పరిశ్రమకు కరెంటు ముడి సరుకు వంటిది. ఒప్పంద లోడు ఎంత పెద్దదైతే, మూతబడిన కర్మాగారంపై పడే భారం కూడా అంత పెద్దది.

ఆ భారం విషయమై ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం తీసుకున్న నిర్ణయాన్ని ఒక్క మాటలో చెప్పాలంటే, మాఫీ కాదు, వాయిదా. 2020 ఏప్రిల్, మే, జూన్ మాసాలకు పరిశ్రమలు, వ్యాపార సంస్థలు చెల్లించవలసిన డిమాండ్ చార్జీల వసూలును నిలిపివేసి, తరువాత కిస్తుల్లో చెల్లించే వెసులుబాటు కల్పించింది. చేతిలో రొక్కం లేని సమయంలో ఇది ఊరటే. అయితే అప్పు తీరలేదు, గడువు మాత్రమే పెరిగింది.

పొరుగున ఉన్న ఆంధ్రప్రదేశ్ మరో మార్గం అనుసరించింది. 2020 మే నెలలో ‘రీస్టార్ట్’ పేరిట ప్రకటించిన సుమారు 1,110 కోట్ల రూపాయల ప్యాకేజీ కింద సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమలకు అవే మూడు నెలల కనీస డిమాండ్ చార్జీలను మాఫీ చేసింది. అందుకయ్యే 188 కోట్ల రూపాయలను ప్రభుత్వమే భరించేందుకు ముందుకు వచ్చింది. పెద్ద పరిశ్రమలకు మాత్రం అక్కడా వాయిదాయే దక్కింది. 2014 నుంచి పేరుకుపోయిన ప్రోత్సాహకాల బకాయిలను విడుదల చేయడం ఆ ప్యాకేజీలో అతిపెద్ద భాగం. ప్రభుత్వం తాను బాకీ ఉన్న సొమ్మును చెల్లించడమే కష్టకాలంలో సహాయంగా పరిణమించిందన్నమాట.

విద్యుత్ సంస్థల ఇరకాటం

మాఫీ చేయడం ఎందుకు కష్టమైంది? విద్యుత్ పంపిణీ సంస్థ తాను కొనే కరెంటుకు ఉత్పత్తి కేంద్రాలకు స్థిర చార్జీలు చెల్లించవలసి ఉంటుంది. కర్మాగారాలు మూతబడినంత మాత్రాన ఆ చెల్లింపు ఆగదు. పారిశ్రామిక వినియోగదారులు కట్టే అధిక ధరతోనే గృహ, వ్యవసాయ వినియోగదారుల రాయితీలో కొంత భాగం గట్టెక్కుతుంది. లాక్‌డౌన్‌లో అధిక ధర కట్టేవారి వాడకం పడిపోయింది, రాయితీ పొందేవారి వాడకం కొనసాగింది. ఈ చిక్కును గుర్తించే కేంద్రం 2020 మే నెలలో పంపిణీ సంస్థలకు పీఎఫ్‌సీ, ఆర్‌ఈసీల ద్వారా 90,000 కోట్ల రూపాయల నిధులు సమకూర్చే పథకం ప్రకటించింది. అది కూడా రాష్ట్ర ప్రభుత్వాల హామీపై ఇచ్చిన రుణమే తప్ప గ్రాంటు కాదు.

స్పాంజ్ ఐరన్ పరిశ్రమకు వేరే చిక్కు ఉంది. బొగ్గుతో నడిచే తిరుగుడు బట్టీని ఇష్టం వచ్చినప్పుడు ఆపి, మళ్లీ వెలిగించడం సాధ్యం కాదు. ఒక్కసారిగా చల్లబడితే లోపలి ఇటుకల పూత దెబ్బతింటుంది. నిరంతరాయంగా నడవవలసిన పరిశ్రమలకు రాష్ట్ర ప్రభుత్వ అనుమతితో మినహాయింపు ఇవ్వవచ్చని కేంద్ర హోం శాఖ మార్గదర్శకాలు తొలి నుంచీ పేర్కొన్నాయి. అయితే అనుమతి లభించినా సరుకు కొనేవారు ఉండాలి కదా! నిర్మాణ పనులు నిలిచిపోవడంతో ఇనుప కడ్డీలకు గిరాకీ లేకుండా పోయింది. 2020 ఏప్రిల్-జూన్ త్రైమాసికంలో దేశ స్థూల ఉత్పత్తి తొలి అంచనాల ప్రకారం 23.9 శాతం కుంచించుకుపోగా, వ్యవసాయ రంగం ఒక్కటే 3.4 శాతం వృద్ధిని నమోదు చేసింది.

అప్పుపై అప్పు

పరిశ్రమలకు కేంద్రం అందించిన సహాయంలోనూ రుణానిదే పెద్ద పాలు. 2020 మే 12న ప్రధాని నరేంద్ర మోడీ ప్రకటించిన 20 లక్షల కోట్ల రూపాయల ఆత్మనిర్భర్ ప్యాకేజీలో చిన్న పరిశ్రమలకు ఉద్దేశించిన ప్రధానాంశం 3 లక్షల కోట్ల రూపాయల హామీ రుణ పథకం. 2020 ఫిబ్రవరి 29 నాటికి ఉన్న బకాయిలో 20 శాతం మేరకు, ఎలాంటి అదనపు తాకట్టు లేకుండా, బ్యాంకులు కొత్త అప్పు ఇచ్చేవి. వసూలు కాకపోతే కేంద్రమే నూరు శాతం పూచీ పడేది. ఉదాహరణకు 5 కోట్ల బాకీ ఉన్న రోలింగ్ మిల్లు మరో కోటి రూపాయలు తీసుకునే వీలుండేది. ఏడాది పాటు అసలు కట్టనవసరం ఉండేది కాదు. బ్యాంకుల వడ్డీ 9.25 శాతం మించరాదని పరిమితి విధించారు.

నమ్మకంగా అప్పు తీర్చుతున్న సంస్థకు ఇది ఆసరాయే. కాని బ్యాంకు గడప తొక్కని చిన్న కార్ఖానాకు, చేబదులుతో వ్యాపారం నెట్టుకొచ్చే దుకాణదారుకు ఈ పథకంతో సంబంధం లేకపోయింది. పాత బాకీ లేనివానికి కొత్త అప్పు లేదు మరి!

రిజర్వు బ్యాంకు 2020 మార్చి 27న ప్రకటించిన మారటోరియం సంగతీ అంతే. తొలుత మూడు నెలలకు, తరువాత ఆగస్టు 31 వరకు కిస్తుల చెల్లింపును వాయిదా వేసుకునే వీలు కలిగింది గాని వడ్డీ లెక్క ఆగలేదు. వడ్డీపై వడ్డీ వివాదం సుప్రీం కోర్టు వరకు వెళ్లింది. 2 కోట్ల రూపాయల వరకు రుణాలకు చక్రవడ్డీ భారాన్ని కేంద్రం భరించింది. 2021 మార్చి 23న తుది తీర్పు వెలువరిస్తూ న్యాయస్థానం, మారటోరియం కాలానికి ఎవరి నుంచీ చక్రవడ్డీ వసూలు చేయరాదని ఆదేశించింది. వడ్డీని పూర్తిగా మాఫీ చేయాలన్న కోరికను మాత్రం తోసిపుచ్చింది.

పల్లె చేతికి పైకం

వర్తకం విషయంలో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం నేరుగా దుకాణాలకు సహాయం చేయడం కన్న, కొనుగోలుదారు చేతిలో డబ్బు పెట్టడంపైనే ఎక్కువగా ఆధారపడింది. క్వింటాలు ధాన్యానికి 2,500 రూపాయలు ఇస్తామన్నది 2018 ఎన్నికలలో కాంగ్రెస్ ఇచ్చిన మాట. 2019-20లో సాధారణ రకం ధాన్యానికి కేంద్రం నిర్ణయించిన మద్దతు ధర 1,815 రూపాయలు. దానిపై బోనస్ ఇచ్చే పక్షంలో రాష్ట్రం నుంచి బియ్యం సేకరణపై కేంద్రం అభ్యంతరం తెలపడంతో, మిగిలిన మొత్తాన్ని వేరే పథకం రూపంలో చెల్లించాలని ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ ప్రభుత్వం నిర్ణయించింది.

అలా రూపుదిద్దుకున్నదే రాజీవ్ గాంధీ కిసాన్ న్యాయ్ యోజన. 2020 మే 21న ఆరంభమైన ఈ పథకం కింద సుమారు 19 లక్షల మంది రైతులకు 5,750 కోట్ల రూపాయలు ఇవ్వనున్నట్లు ప్రకటించి, తొలి విడతగా 1,500 కోట్లు బ్యాంకు ఖాతాల్లో జమ చేశారు. రెండో విడత ఆగస్టు 20న, తీజ పండుగకు ముందు రోజున అందింది. మూడో విడత రాష్ట్ర అవతరణ దినమైన నవంబరు 1న, దీపావళికి రెండు వారాల ముందు విడుదలయింది. రాయ్‌పూర్‌లోని పండరీ వస్త్ర మార్కెట్, గోల్ బజార్ వంటి వర్తక కేంద్రాలకు గ్రామాల గిరాకీయే ప్రాణం కనుక, రైతు ఖాతాలో పడిన పైకం ఎక్కడికి చేరుతుందో వర్తకులకు వేరుగా చెప్పనక్కరలేదు.

అదే సంవత్సరం జూలై 20న, హరేలీ పండుగనాడు, పశువుల పేడను కిలో 2 రూపాయలకు కొనే గోధన్ న్యాయ్ యోజనను ప్రారంభించారు. అడవి బిడ్డలు ఏరి తెచ్చే ఇప్పపువ్వు ధరను కిలో 17 రూపాయల నుంచి 30 రూపాయలకు పెంచారు. సేకరణ వేసవిలో సాగుతుంది. వారపు సంతలు మూతబడిన ఆ నెలల్లో ప్రభుత్వ కొనుగోలు లేకపోతే గిరిజనుడు దళారీ చెప్పిన ధరకే అమ్ముకోవలసి వచ్చేది.

అయితే గిరాకీ ఉన్నంత మాత్రాన దుకాణం తెరుచుకోదు. 2020 జూలై 22 నుంచి ఒకసారి, సెప్టెంబరు 21 నుంచి 28 వరకు మరోసారి రాయ్‌పూర్ మూతబడింది. రెండో విజృంభణలో 2021 ఏప్రిల్ 9న విధించిన లాక్‌డౌన్ పలుమార్లు పొడిగింపు పొందింది. పెళ్లిళ్ల సీజన్ అంతా అందులోనే కరిగిపోయింది. తొలిసారి వచ్చిన సార్వత్రిక మారటోరియం రెండోసారి రాలేదు. చిన్న రుణాల పునర్వ్యవస్థీకరణకు మాత్రమే రిజర్వు బ్యాంకు 2021 మే 5న అవకాశం ఇచ్చింది.

కార్డు ఉన్నా కడుపు నిండలేదు

వినియోగదారుల విషయానికి వస్తే, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న కుటుంబానికి నెలకు 35 కిలోల బియ్యం కిలో రూపాయికే ఇచ్చే ఏర్పాటు ఛత్తీస్‌గఢ్‌లో కరోనాకు ముందు నుంచే ఉండేది. జాతీయ ఆహార భద్రతా చట్టం రావడానికి ముందే, 2012లో, ఈ రాష్ట్రం సొంత చట్టం చేసుకుంది. లాక్‌డౌన్ రాగానే పేద కుటుంబాలకు 2020 ఏప్రిల్, మే నెలల బియ్యాన్ని ఉచితంగా, ఒకేసారి పంపిణీ చేశారు. దీనికి తోడు మనిషికి 5 కిలోల చొప్పున కేంద్రం ఉచిత ధాన్యం వచ్చింది. నెలకు 400 యూనిట్ల వరకు గృహ విద్యుత్ బిల్లులో సగం తగ్గించే పథకం 2019 మార్చి నుంచి అమలులో ఉండటం, ఇంటికే పరిమితమైన మధ్యతరగతికి ఉపకరించింది.

కాని ఈ రక్షణ అంతా రాష్ట్ర సరిహద్దు వద్ద ఆగిపోయింది. తెలంగాణలోని ములుగు జిల్లాకు మిర్చి కోతలకు వెళ్లిన బస్తర్ ప్రాంత కూలీల వద్ద రేషన్ కార్డున్నా అక్కడ చెల్లలేదు. పనులు ఆగిపోయి, అడవి దారిన మూడు రోజులు నడిచిన బృందంలోని 12 సంవత్సరాల గిరిజన బాలిక 2020 ఏప్రిల్‌లో బీజాపూర్ జిల్లాలోని స్వగ్రామానికి చేరువలోనే ప్రాణాలు విడిచింది. వలస కూలీల తొలి శ్రామిక్ రైలు హైదరాబాద్ చెంత లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరింది ఆ తరువాతనే, మే 1న. దేశమంతటా చెల్లే రేషన్ కార్డు విధానంలో ఛత్తీస్‌గఢ్ చేరినది 2022 ఫిబ్రవరిలో.

తిరిగి వచ్చిన కూలీలకు ఉపాధి హామీ పనులే దిక్కయ్యాయి. 2020-21లో ఛత్తీస్‌గఢ్‌లో రోజు కూలి 190 రూపాయలు. అదే పనికి ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో 237 రూపాయలు. కష్టం తగ్గగానే సరిహద్దు దాటి మళ్లీ మిర్చి తోటలకు కూలీలు ఎందుకు వెళతారో ఈ రెండు అంకెలు చెబుతాయి.

ఖజానా లెక్క

ఈ వ్యయమంతటికీ ఆధారం అప్పే. రాష్ట్రాల రుణ పరిమితిని స్థూల ఉత్పత్తిలో 3 నుంచి 5 శాతానికి కేంద్రం కొన్ని షరతులతో పెంచింది. జీఎస్టీ పరిహారం కోసం రుణం తీసుకోవాలన్న ప్రతిపాదనను వ్యతిరేకించి చివరి వరకు నిలిచిన రాష్ట్రాలలో ఛత్తీస్‌గఢ్ ఒకటి. 2020 డిసెంబరు ఆరంభంలో అదీ అంగీకరించక తప్పలేదు.

మహమ్మారి వెళ్లిపోయినా ప్రశ్న మిగిలింది. 2024 జూలై చివరలో విద్యుత్ ధరల భారం భరించలేమంటూ రాష్ట్రంలోని మినీ స్టీల్ ప్లాంట్లు ఉత్పత్తి నిలిపివేశాయి. గృహ విద్యుత్ రాయితీ పరిమితిని 2025 ఆగస్టులో 400 నుంచి 100 యూనిట్లకు కుదించారు. అనంతరం దానిని 200 యూనిట్లకు పెంచారు. పరిశ్రమకు తగ్గించిన ప్రతి రూపాయినీ, ఇంటికి ఇచ్చిన ప్రతి రాయితీనీ ఎవరో ఒకరు కట్టవలసిందే. 2020 వేసవిలో ఆ లెక్కను వాయిదా వేయగలిగారు గాని కొట్టివేయలేకపోయారు.