తుమ్మితే భయం... నవ్వితే భయం!

పదో తరగతి పిల్లలకు పాఠం చెబుతున్న టీచరుకు ఉన్నట్టుండి తుమ్ము వస్తుంది. బ్యాంకు కౌంటర్లో కూర్చున్నావిడకు పక్క సీటావిడ చెప్పిన మాటకు పగలబడి నవ్వు వస్తుంది. బస్సులో టికెట్లు కొడుతున్న కండక్టరమ్మ గతుకు రాగానే ఎగిరి పడుతుంది. ఆ క్షణంలో ముగ్గురి గుండెల్లోనూ ఒకటే గుబులు... బట్టలు తడిశాయేమోనని! ముగ్గురూ ఏదో సర్దుకుంటున్నట్టు చెయ్యి వెనక్కి పోనిచ్చి చూసుకుంటారు. ముగ్గురూ ఈ సంగతి ఎవరికీ చెప్పరు.

తలనొప్పి వస్తే చెబుతాం. మోకాళ్లు లాగేస్తుంటే చెబుతాం. షుగరు వచ్చిందనీ చెబుతాం. కానీ తెలియకుండా మూత్రం పడిపోతోందని మాత్రం తోబుట్టువుకి చెప్పడానికి కూడా నోరు రాదు. 'ఈ వయసులో ఇదేం ఖర్మ' అని లోలోపలే కుమిలిపోతాం. ఇక ఉద్యోగం చేసే ఆడవాళ్ల అవస్థ చెప్పనే అక్కర్లేదు. ఇంట్లో అయితే చటుక్కున వెళ్లి లంగా మార్చుకోవచ్చు. ఆఫీసులో ఎలా? అందుకే చాలామంది మీటింగులంటే ముఖం చాటేస్తారు. క్యాంపులూ ట్రైనింగులూ వద్దంటారు. ప్రమోషన్ ఇచ్చి మరో ఊరికి వేస్తామంటే ఏవేవో సాకులు చెప్పి వదులుకునేవాళ్లూ ఉంటారు. అసలు కారణం మాత్రం పైకి రాదు.

చెప్పుకోదగ్గ విషయం ఏమిటంటే, ఇది ఖర్మ కాదు. వయసు మీద పడితే తప్పని తద్దినమూ కాదు. కారణాలు తెలిసిన సమస్య. చాలామందిలో ఆపరేషన్ అవసరం లేకుండానే అదుపులోకి వచ్చే సమస్య.

ఎందుకిలా?

మన పొత్తికడుపు అడుగున, ముందున్న ఎముక నుంచి వెనక తోకఎముక దాకా కొన్ని కండరాలు జోలెలా పరుచుకుని ఉంటాయి. మూత్రాశయం, గర్భసంచి, పెద్దపేగు చివరి భాగం... వీటన్నింటి బరువునీ మోసేది ఆ జోలే. మూత్రం బయటికి వచ్చే దారిని బిగించి పట్టుకోవడంలోనూ దాని పాత్ర పెద్దదే. అది వదులైతే దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు, బిందె ఎత్తినప్పుడు, గబగబా మెట్లెక్కినప్పుడు కడుపులో ఒత్తిడి పెరిగి కాస్త మూత్రం జారిపోతుంది. ఇది ఒక రకం.

రెండో రకం వేరు. దీనిలో కండరాల జోలె బాగానే ఉండవచ్చు. మూత్రాశయమే తొందరపడుతుంది. నిండకముందే ముడుచుకుంటుంది. 'ఇప్పుడే వెళ్లాలి, క్షణం ఆగలేను' అనిపిస్తుంది. బాత్‌రూం తలుపు గడియ పెట్టేలోపే పని అయిపోతుంది. కుళాయి చప్పుడు విన్నా, ఇంటి తాళం తీస్తున్నా అర్జంటు అనిపించేది ఈ రకం వాళ్లకే. రెండూ కలిసి ఉన్నవాళ్లూ తక్కువేం కాదు. మీది ఏ రకమో తెలుసుకోవడం ముఖ్యం, ఎందుకంటే వైద్యం దాన్ని బట్టే ఉంటుంది.

మామూలు కాన్పుల్లో, అందులోనూ బిడ్డ బరువు ఎక్కువైనా, నొప్పులు చాలాసేపు పడినా ఈ కండరాలు సాగుతాయి. నెలసరి ఆగిపోయాక హార్మోన్ తగ్గి అక్కడి పొరలు పలచబడతాయి. అధిక బరువు, ఏళ్ల తరబడి మలబద్ధకం, తగ్గని దగ్గు, అదుపులో లేని షుగరు, మూత్రంలో ఇన్ఫెక్షన్... ఇవన్నీ ఆజ్యం పోసేవే. బీపీకి వేసుకునే నీరు తీసే మాత్రల వల్ల కూడా కొందరికి ఇబ్బంది ఎక్కువవుతుంది. అలాగని మాత్రలు మీ అంతట మీరు ఆపేయకండి. ఏ వేళకు వేసుకుంటే మేలో డాక్టరుని అడగండి.

గర్భసంచి తీయించుకున్న వాళ్లలోనూ తరువాతి కాలంలో ఈ బాధ కొంత ఎక్కువగా కనిపిస్తుంది. ఈ మాట మన రాష్ట్రాల వాళ్లకి మరీ ముఖ్యం. 2015-16లో జరిగిన నాలుగో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15 నుంచి 49 ఏళ్ల లోపు స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి 3 మంది ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 మంది, తెలంగాణలో దాదాపు 8 మంది ఉన్నారు. తెల్లబట్ట అవుతోందనో, నడుం నొప్పి అనో 'తీసేస్తే పోలా' అనుకునే ముందు మరో డాక్టరుని కూడా అడిగి చూడటం అన్ని విధాలా మంచిది.

నీళ్లు మానేస్తే తీరుతుందా?

ఉద్యోగినులు చేసే మొట్టమొదటి పని నీళ్లు తాగడం మానేయడం. పొద్దున బయల్దేరేటప్పుడు గుక్కెడు, సాయంత్రం ఇంటికొచ్చాక చెంబెడు. దీనివల్ల లాభం లేకపోగా నష్టమే. నీళ్లు తగ్గితే మూత్రం చిక్కబడుతుంది. చిక్కటి మూత్రం మూత్రాశయాన్ని ఇంకా చికాకు పెడుతుంది. ఇన్ఫెక్షన్లకు దారి తీస్తుంది. పైగా వాసన కూడా ఎక్కువ! వాసన వస్తుందని భయపడి నీళ్లు మానేస్తే చేజేతులా వాసన పెంచుకున్నట్టే.

రోజుకు లీటరున్నర నుంచి రెండు లీటర్ల దాకా, ఎండల్లో ఇంకాస్త ఎక్కువ, కొంచెం కొంచెంగా తాగండి. తగ్గించాల్సింది నీళ్లు కాదు, కాఫీ టీలు. ఆఫీసులో పదకొండింటికి ఒకటి, మూడింటికి ఒకటి, ఎవరైనా వస్తే మరొకటి... ఈ లెక్క ఒకటి రెండు కప్పులకు తగ్గించి వారం రోజులు చూడండి. తేడా మీకే తెలుస్తుంది. రాత్రి లేవాల్సి వస్తుంటే పడుకునే ముందు రెండు గంటలు నీళ్లు తగ్గించుకుంటే చాలు.

ఇంకో పొరపాటు... 'ఎందుకైనా మంచిది' అని అరగంటకోసారి బాత్‌రూంకి వెళ్లి రావడం. ఆరోగ్యంగా ఉన్న మూత్రాశయంలో 400 నుంచి 500 మిల్లీలీటర్ల దాకా పడుతుంది. కొంచెం చేరగానే ఖాళీ చేస్తూ పోతే దానికి అదే అలవాటవుతుంది. అలాగని పొద్దున్నుంచి సాయంత్రం దాకా బిగబట్టుకోవడమూ మంచిది కాదు. మూడు నాలుగు గంటలకోసారి వెళ్లడం పద్ధతి.

మూత్రాశయానికీ క్రమశిక్షణ!

మూడు రోజుల పాటు ఒక చిన్న పుస్తకంలో రాయండి. ఎన్ని గంటలకు ఏం తాగారు, ఎన్నింటికి వెళ్లారు, ఎప్పుడు జారింది, అప్పుడు ఏం చేస్తున్నారు. రాసుకున్నది చూస్తే సగం సంగతి మీకే బోధపడుతుంది. డాక్టరు దగ్గరికి వెళితే ఆ పుస్తకమే ముందు పనికొస్తుంది.

ఇప్పుడు గంటకోసారి వెళుతున్నారనుకోండి. వారం రోజులు గంటంపావుకి వెళ్లండి. ఆ తరువాత గంటన్నరకి. ఇలా పావుగంట చొప్పున పెంచుకుంటూ పొండి. మధ్యలో అర్జంటు అనిపిస్తే పరుగెత్తకండి. పరుగెత్తితేనే ప్రమాదం. ఎక్కడున్నవాళ్లు అక్కడే ఆగి, కింది కండరాలను ఐదారుసార్లు టకటకా బిగించి వదలండి. ఆ తాకిడి కాస్త తగ్గాక నింపాదిగా నడిచి వెళ్లండి.

కుర్చీలో కూర్చునే వ్యాయామం

కింది కండరాలకు వ్యాయామం నేర్పిన వ్యక్తి ఆర్నాల్డ్ కేగెల్ అనే అమెరికన్ గైనకాలజిస్టు. 1948లో ఆయన దీని గురించి ప్రచురించారు. ఆయన పేరు మీదే కేగెల్ వ్యాయామం అంటున్నాం. దీనికి చాప అక్కర్లేదు, డ్రెస్సు మార్చుకోనక్కర్లేదు. ఫైలు చూస్తూ కూడా చేయవచ్చు. ఎదురుగా కూర్చున్నవారికి కూడా తెలియదు.

నలుగురిలో ఉన్నప్పుడు గ్యాస్ బయటికి పోకుండా ఆపుకుంటాం చూడండి... ఆ కండరాలనే బిగించాలి. మూత్రాన్ని ఆపుతున్నట్టు, లోపలికి, పైకి లాగుతున్నట్టు అనిపించాలి. కడుపు, తొడలు, పిరుదులు బిగించకూడదు. ఊపిరి బిగబట్టకూడదు. ఐదు సెకన్లు బిగించి, ఐదు సెకన్లు వదలండి. ఇలా పదిసార్లు. రోజుకు మూడు పూటలా చేయాలి. అలవాటయ్యాక బిగించే సమయాన్ని పది సెకన్ల దాకా పెంచుకోవచ్చు. మూత్రం పోసేటప్పుడు మధ్యలో ఆపుతూ వ్యాయామం చేయడం మాత్రం మంచిది కాదు.

వారంలో ఫలితం రాలేదని వదిలేయకండి. కనీసం మూడు నెలలు పట్టుదలగా చేయాలి. తుమ్ము వస్తున్నట్టు అనిపించగానే ముందుగా బిగించడం అలవాటు చేసుకుంటే చాలాసార్లు ఆ ఒక్క కిటుకే కాపాడుతుంది. సరిగా చేస్తున్నామో లేదో అనుమానంగా ఉంటే ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకోవచ్చు. బరువు ఎక్కువ ఉన్నవాళ్లు ఓ ఐదారు కిలోలు తగ్గినా తేడా కనిపిస్తుంది. మలబద్ధకం లేకుండా ఆకుకూరలు, పీచు ఉన్న తిండి తినాలి.

హ్యాండుబ్యాగులో ఏముండాలి?

వ్యాయామం ఫలితం ఇచ్చేలోపు ఆఫీసుకు వెళ్లాలి కదా! దానికీ మార్గాలున్నాయి.

* చాలామంది నెలసరికి వాడే నాప్కిన్లే పెట్టుకుంటారు. అవి కొద్దికొద్దిగా అయ్యే రక్తస్రావం కోసం చేసినవి. మూత్రం ఒక్కసారిగా వస్తుంది కాబట్టి పక్కలకు కారిపోతుంది. మూత్రం కోసమే చేసిన ప్యాడ్లు మందుల షాపుల్లో దొరుకుతాయి. తడిని పీల్చి జిగురులా పట్టి ఉంచుతాయి. కొద్దిగా పడేవాళ్లకు పలుచటివి సరిపోతాయి. దూరప్రయాణాలకు డ్రాయరులా తొడుక్కునేవీ ఉన్నాయి.

* చిన్న జిప్పు సంచీలో రెండు ప్యాడ్లు, ఒక డ్రాయరు, పాత న్యూస్‌పేపరు, ఒక ప్లాస్టిక్ కవరు ఉంచుకోండి. చీర కట్టేవాళ్లు ఒక లంగా, డ్రెస్ వేసుకునేవాళ్లు ఒక ప్యాంటు ఆఫీసు బీరువాలో పెట్టుకుంటే ధైర్యంగా ఉంటుంది.

* తడిసిన ప్యాడ్‌ను వెంటనే మార్చండి. అప్పుడే పడిన మూత్రానికి పెద్దగా వాసన ఉండదు. నిలవ ఉన్నప్పుడే వాసన. మార్చినప్పుడల్లా మామూలు నీళ్లతో కడిగి పొడిగా తుడుచుకోండి. సెంట్లు, డెట్టాల్ లాంటివి అక్కడ వాడొద్దు. వాడిన ప్యాడ్‌ను పేపర్లో చుట్టి చెత్తబుట్టలో వేయండి.

* ముదురు రంగుల చీరలు, అచ్చువేసిన డ్రెస్సులు తడిని బయటపడనివ్వవు. గబుక్కున విప్పడానికి వీలుగా నాడా ముడి తేలిగ్గా ఉండాలి.

* మీటింగులో తలుపుకి దగ్గరి కుర్చీ చూసుకోండి. పరీక్షల డ్యూటీ, ఎన్నికల డ్యూటీ పడితే అక్కడికి చేరగానే బాత్‌రూం ఎక్కడుందో, నీళ్లున్నాయో లేదో చూసుకోండి.

* నమ్మకమైన సహోద్యోగి ఒక్కరికి చెప్పి ఉంచండి. అవసరమైతే కాసేపు మీ సీటు చూసుకుంటారు. పై అధికారికి జబ్బు పేరు చెప్పక్కర్లేదు. 'డాక్టరు సలహా మీద మధ్యమధ్య లేచి వెళ్లాల్సి ఉంటుందండీ' అంటే చాలు.

మన తప్పు కాదు

ఇదంతా ఒంటి సమస్యే అనుకుంటే సగమే నిజం. బాత్‌రూం లేని ఆఫీసు, ఉన్నా తాళం వేసిన బాత్‌రూం, గంటల తరబడి నిలబెట్టే బట్టల షాపు... వీటి పాపమూ ఉంది. కర్మాగారాల్లో ఆడవాళ్లకు వేరుగా మరుగుదొడ్లు ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే రాశారు. రాత ఒకటి, అమలు ఒకటి.

కేరళలో కోజికోడ్ మిఠాయి వీధి షాపుల్లో పనిచేసే ఆడవాళ్లు మరుగుదొడ్డి కోసం, కూర్చోవడానికి ఓ స్టూలు కోసం ఏళ్ల తరబడి కొట్లాడారు. 'పెణ్‌కూట్టు' పేరుతో కూడగట్టి వాళ్లకు నాయకత్వం వహించింది విజి అనే దర్జీ. చివరికి 2018లో కేరళ ప్రభుత్వం షాపుల చట్టాన్ని సవరించి, పనిచేసేవాళ్లకు కూర్చునే హక్కు ఇచ్చింది. 2021లో తమిళనాడు కూడా ఆ దారి పట్టింది. నోరు విప్పి అడిగితేనే ఇవన్నీ అయ్యాయి. మీ ఆఫీసులోనూ నలుగురు ఆడవాళ్లు కలిసి 'శుభ్రమైన బాత్‌రూం, అందులో నీళ్లు, మూత ఉన్న చెత్తబుట్ట కావాలి' అని ఒక కాగితం రాసి ఇవ్వండి. అందులో మీ జబ్బు సంగతి ఎక్కడా రాయనక్కర్లేదు.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు?

వారంలో ఒకటి రెండుసార్లు జారుతున్నా, దానివల్ల పనులు మానుకుంటున్నా సరే గైనకాలజిస్టును గానీ యూరాలజిస్టును గానీ కలవవచ్చు. ముందుగా మూత్ర పరీక్ష, షుగరు పరీక్ష చేస్తారు. అవసరమైతే స్కానింగు. తొందరపడే మూత్రాశయానికి మాత్రలున్నాయి. నెలసరి ఆగినవాళ్లకు లోపల రాసుకునే హార్మోన్ క్రీము ఇస్తారు. గర్భసంచి జారినవాళ్లకు ఆసరాగా రింగు అమరుస్తారు. వ్యాయామంతో లొంగని మొదటి రకానికి మూత్రనాళం కింద పట్టీలాంటిది అమర్చే ఆపరేషన్ కూడా ఉంది.

మూత్రంలో రక్తం కనబడినా, మంట, జ్వరం ఉన్నా ఆలస్యం చేయకండి. కాన్పు తరువాతో, ఆపరేషన్ తరువాతో రాత్రింబవళ్లు మూత్రం ఆగకుండా కారుతుంటే అది వేరే సమస్య, వెంటనే చూపించుకోవాలి. నడుం నొప్పితో పాటు తొడల మధ్య తిమ్మిరెక్కి, కాళ్లు బలహీనపడి, మూత్రం మీద అదుపు తప్పితే అది ఎమర్జెన్సీ. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

ఆఖరుగా ఒక్క మాట. మీ అత్తగారో, అమ్మో ఈ మధ్య పెళ్లిళ్లకు రానంటున్నారా? బస్సెక్కాలంటే వెనకాడుతున్నారా? పరుపు మీద ప్లాస్టిక్ షీటు తామే పరుచుకుంటున్నారా? 'పెద్దతనం చాదస్తం' అని కొట్టిపారేయకండి. పక్కన కూర్చుని మెల్లగా అడగండి. ఆవిడ ఎన్నేళ్లుగా ఆ మాట ఎవరైనా అడుగుతారేమోనని ఎదురు చూస్తున్నారో!