మూడు దేశాలు తిరిగాం... అమ్మ మాత్రం వంటింట్లోనే!

‘పాస్‌పోర్ట్ ప్లీజ్’ అన్నాడు పోలీసు. అమ్మ హ్యాండ్‌బ్యాగ్ తెరిచింది. బీపీ మాత్రలు, అమృతాంజనం, రెండు అరటిపళ్లు, గొట్టం కాజాల పొట్లం... అన్నీ ఉన్నాయి. పాస్‌పోర్ట్ తప్ప!

నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ నుంచి జర్మనీలోని ఆఖెన్‌కి వచ్చే బస్సు అది. పొద్దున అదే దారిలో వెళ్లినప్పుడు మమ్మల్ని పలకరించినవాళ్లే లేరు. ‘షెంజెన్ వీసా ఉంటే బోర్డర్లే ఉండవమ్మా, పాస్‌పోర్ట్ ఎక్కడైనా పడిపోతే గొడవ, ఇంట్లో పెట్టేయ్’ అని సలహా ఇచ్చిన మహానుభావురాలు ఎవరో చెప్పక్కర్లేదనుకుంటా. నా పాస్‌పోర్ట్ మాత్రం నా నడుం పౌచ్‌లో భద్రంగా ఉంది.

మమ్మల్ని దింపేశారు. బస్సు వెళ్లిపోయింది. పిన్ని జర్మన్‌లో ఏదో చెబుతోంది, అమ్మ నా చెయ్యి వదలడంలేదు. ఇంట్లో ఉన్న బాబాయ్ సూట్‌కేసు వెతికి పాస్‌పోర్ట్, వీసా పేజీల ఫొటోలు వాట్సాప్‌లో పంపాడు. వాళ్లు వివరాలు చెక్ చేసి, ఇరవై నిమిషాల తర్వాత ‘ఇంకోసారి ఇలా రాకండి’ అని వదిలారు. మా అదృష్టం అంతే. ఫొటో చూపిస్తే అందరినీ వదిలేస్తారని మాత్రం అనుకోకండి. వీసా ఉన్నా ఒరిజినల్ పాస్‌పోర్ట్ వెంట ఉండాల్సిందే. పైగా 2024 సెప్టెంబరు 16 నుంచి జర్మనీ తన చుట్టూ ఉన్న అన్ని భూసరిహద్దుల్లోనూ తనిఖీలు పెట్టింది. అందర్నీ ఆపరు, కానీ ఎవర్నైనా ఆపొచ్చు.

ఇంతకీ పిన్ని మాకు చుట్టం కాదు. కాకినాడలో అమ్మావాళ్లూ, పిన్నీవాళ్లూ పక్కపక్క వాటాల్లో అద్దెకుండేవాళ్లు. ఒకే స్కూలు, ఒకే రిక్షా. పెళ్లయ్యాక పిన్ని జర్మనీ వెళ్లిపోయింది. ‘ఒక్కసారి రావే’ అని ఏళ్ల తరబడి పిలుస్తుంటే, నా ఉద్యోగం తొలి బోనస్‌తో అమ్మని తీసుకెళ్లాను. నాకున్న లీవు పన్నెండు రోజులు. ఫోన్‌లో ఒక లిస్టు. దాంట్లో దేశాల పేర్లు!

ఆఖెన్ అలాంటి ఊరు మరి. ఒకపక్క నెదర్లాండ్స్, ఇంకోపక్క బెల్జియం. ఆదివారం జర్మనీలో సూపర్‌మార్కెట్లు దాదాపు అన్నీ మూసేస్తారు. పిన్నీవాళ్లు ఏం చేస్తారంటే, పక్కనే ఉన్న డచ్ ఊరు వాల్స్‌కి వెళ్లి పాలూ కూరగాయలూ తెచ్చుకుంటారు. అటునుంచి డచ్చివాళ్లు పెట్రోలు కోసం ఇటొస్తారు, ఇక్కడ చవక కాబట్టి. జగ్గయ్యపేట దాటి కోదాడ వైపు వెళ్తే రాష్ట్రం మారిందని ఎలా తెలుస్తుంది? బోర్డు మీద. ఇక్కడా అంతే. కార్ల నంబర్ ప్లేట్లు పసుపురంగులోకి మారితే నెదర్లాండ్స్ వచ్చినట్టు. ఫోన్ మాత్రం వెంటనే పట్టేసి ‘వెల్‌కమ్’ మెసేజ్ పంపిస్తుంది. మీ రోమింగ్ ప్యాక్‌లో పక్క దేశం కూడా ఉందో లేదో ముందే చూసుకోండి, లేకపోతే ఆ వెల్‌కమ్ ఖరీదు బిల్లులో కనిపిస్తుంది.

వాల్స్ దగ్గరే మూడు దేశాలూ కలిసే గుట్ట ఉంది. ఎత్తు 322 మీటర్లు. మన తిరుమల కొండ ముందు ఇదెంత? కానీ యూరప్‌లో ఉన్న నెదర్లాండ్స్ మొత్తానికి అదే ఎత్తయిన చోటు! రాయి చుట్టూ ఒక్క ప్రదక్షిణ చేస్తే మూడు దేశాలు తిరిగినట్టే. అమ్మ నిజంగానే మూడు ప్రదక్షిణలు చేసింది, చెప్పులు విప్పి.

ఒకప్పుడు అక్కడ నాలుగు సరిహద్దులు ఉండేవట. కింద ఉన్న జింకు గని ఎవరిదో తేలక, 1816లో ఆ కాస్త నేలనీ ఎవరికీ చెందని ప్రాంతంగా వదిలేశారు. న్యూట్రల్ మోరెస్నెట్ అని పేరు. 1920లో బెల్జియంలో కలిసేదాకా అది అలాగే నడిచింది. 1908లో కొందరు దాన్ని ఎస్పరాంటో భాష మాట్లాడే దేశం చేద్దామని, ‘అమికెయో’ అని పేరు కూడా పెట్టారు. స్నేహం ఉండే చోటు అని అర్థం. పిన్ని ఇది చెప్పగానే అమ్మ నవ్వి ‘అంటే మన వాటాలే’ అంది.

వీసా సంగతి కూడా చెప్పేస్తాను, మెసేజుల్లో అందరూ అడిగేది అదే. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే అప్లై చేయాలి. పెద్దవాళ్లకి ఫీజు 90 యూరోలు, ఇన్సూరెన్స్ కనీసం 30 వేల యూరోలకి ఉండాలి. మా ఖర్చులకి తనదే పూచీ అని బాబాయ్ అక్కడి ఆఫీసులో రాసిచ్చాడు. ఊళ్లు మారినప్పుడల్లా స్టాంపులు పడతాయని ఆశ పడకండి. నేను పడ్డాను, ఒక్కటీ పడలేదు. సింగిల్ ఎంట్రీ వీసా అయితే మధ్యలో లండన్ వెళ్లొద్దాం అనుకోవద్దు. షెంజెన్ బయటికి అడుగుపెట్టారంటే వీసా అయిపోయినట్టే. స్విట్జర్లాండ్‌కి ఆ భయం లేదు, అది యూరోపియన్ యూనియన్‌లో లేకపోయినా షెంజెన్‌లో ఉంది. ఇంకొకటి, నెయ్యి, పాలకోవా లాంటి పాలపదార్థాలు లగేజీలో పెట్టొద్దు, తీసుకెళ్లనివ్వరు. ఆవకాయకి ఇబ్బంది రాలేదు.

చివరి ఆదివారం లక్సెంబర్గ్ ప్లాన్. ‘మీరు వెళ్లిరండే, నేనూ ఇదీ ఉంటాం’ అంది అమ్మ. బస్సులో జరిగినదానికి భయపడిందేమో అనుకున్నా. ‘పాస్‌పోర్ట్ నేనే పట్టుకుంటానమ్మా’ అని బతిమాలాను. కదల్లేదు. నాకు కోపం కూడా వచ్చింది. అంత డబ్బు పెట్టి తీసుకొస్తే వంటింట్లో కూర్చుంటానంటుందేంటి?

నేనూ బాబాయ్ కార్లో వెళ్లాం. రెండున్నర గంటలు. లక్సెంబర్గ్‌లో 2020 నుంచి బస్సు, ట్రామ్, రైలు అన్నీ ఫ్రీ. రైల్లో ఫస్ట్ క్లాసుకి మాత్రమే టికెట్టు. మన ఆర్టీసీలో ఆడవాళ్లకే ఫ్రీ, అక్కడ టూరిస్టులకి కూడా! అక్కణ్నుంచి మొజెల్ నది ఒడ్డున ఉన్న షెంజెన్ వెళ్లాం. అవును, అదొక పల్లెటూరు. 1985 జూన్ 14న అయిదు దేశాలు అక్కడ ఒక పడవలో కూర్చుని సంతకాలు పెట్టాయి. నది అవతల జర్మనీ, కాస్త ముందుకెళ్తే ఫ్రాన్స్.

ఒడ్డున బెంచీ మీద కూర్చున్నప్పుడు బాబాయ్ చెప్పాడు. 2021లో పిన్ని వాళ్లమ్మ పోయినప్పుడు ఇండియాకి మామూలు విమానాలు లేవు. దొరికిన టికెట్ తేదీకి అంతా అయిపోయింది. ఆ చివరి వారం ఆవిడ పక్కన ఉన్నది మా అమ్మే. ‘మీ పిన్ని ఇప్పటిదాకా ఆ మాట ఎత్తలేదమ్మా. మీ అమ్మనే అడగాలనుకుంది. ఫోన్‌లో కాదు’ అన్నాడు.

నాకు నా లిస్టు గుర్తొచ్చింది. పన్నెండు రోజుల్లో వాళ్లిద్దరికీ నేను ఒక్క పూటైనా మిగల్చలేదు.

రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరాం. వంటింట్లో లైటు వెలుగుతోంది. పొద్దున వదిలేసిన కుర్చీల్లోనే ఉన్నారు ఇద్దరూ. బల్లమీద సగం తిన్న కాజాలు, రెండు ఖాళీ గ్లాసులు. పిన్ని కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి. అమ్మ వెనక నిలబడి పిన్ని తలకి నూనె రాస్తోంది. పిన్ని ఒళ్లో మడత విప్పని నేత చీర ఒకటుంది. అమ్మ దాన్ని సూట్‌కేసు అడుగున పెట్టి తెచ్చిందని నాకు తెలీనే తెలీదు.

‘వచ్చారా? చారు వేడిచేసుకోండి’ అంది అమ్మ, తల తిప్పకుండానే.