గిటారుకి ఏ రంగు వేద్దాం?

"వదినా, బాల్కనీ గ్రిల్లుకి వేయగా మిగిలిన రంగు డబ్బా ఎక్కడుంది?" అని మా మరిది అడిగితే, ఏ పూలకుండీలకో అనుకున్నాను. తీరా చూద్దును కదా, హాల్లో పాత దుప్పటి పరిచి, దానిమీద తన ఎలక్ట్రిక్ గిటారుని పడుకోబెట్టాడు! తీగలు, మరలు, మీటలు అన్నీ ఊడదీసి స్టీలుగిన్నెలో వేశాడు.

మేముండేది మాదాపూర్‌లో. 1998లో సైబర్ టవర్స్ తెరిచాక చుట్టూ లేచిన అపార్ట్‌మెంట్లలో మాదీ ఒకటి. మావాడి ఉద్యోగం పోయి నాలుగు నెలలు. మొదటి జీతంతో కొనుక్కున్న గిటారు అది. రంగు వేస్తే మంచి ధర పలుకుతుందని అతని ఆలోచన. "అమ్మేస్తావా?" అంటే తలెత్తలేదు. నేనూ రెట్టించలేదు. డబ్బా తెచ్చి ఇచ్చాను.

నేను చేసిన తప్పు అదే. గ్రిల్లుకి వేసేది ఎనామెల్. పైకి ఆరినట్టు కనిపించినా లోపల చాలా రోజులు మెత్తగానే ఉంటుంది. మూడోరోజున మెరుపు కోసమని దానిమీద లాకర్ స్ప్రే కొట్టాడు. పది నిమిషాల్లో కాచిన పాలమీద మీగడలా ముడతలు పడిపోయింది! లాకర్‌లో ఉండే ఘాటైన థిన్నర్ కింది రంగుని కొరికేస్తుందని అప్పటికి మాకు తెలీదు. అది చాలదన్నట్టు, ఆ వాసనకి ఉబ్బసం ఉన్న మా అత్తయ్య రాత్రంతా మంచంమీద కూర్చునే ఉంది. మరిది ఆవిడ వీపు నిమురుతూ పక్కనే ఉన్నాడు.

ఇక అప్పుడు మొదలైంది మా రంగుల చదువు.

బీరువాలకి 'డ్యూకో' వేయిస్తాం కదా! 1920లలో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ కార్ల కోసం తెచ్చిన నైట్రోసెల్యులోజ్ రంగు పేరది. 1950లలో కాలిఫోర్నియాలోని ఫెండర్ కంపెనీ గిటార్లకీ ఈ కార్ల రంగులే వేసింది. మన నిర్మల్ చిత్రకారుల చేతుల్లోకీ డ్యూకో వచ్చి చేరింది. పలచగా కూర్చుంటుంది, చిటికెలో ఆరుతుంది. కొత్త పొర పాతదానిలో కలిసిపోతుంది కాబట్టి గీతలు పడ్డా సరిచేయడం తేలిక. అయితే ఆవిరి ఇట్టే అంటుకుంటుంది. వంటగది పక్కన పనికిరాదు. వానాకాలం గాలిలో తేమ ఉన్నప్పుడు కొడితే తెల్లగా మసకేస్తుంది.

రెండోది పి.యు. హార్డెనర్ కలిపి వేసేది. గట్టిదనానికి దాన్ని మించింది లేదు. కానీ ఆ హార్డెనర్‌లో ఉండే ఐసోసయనేట్లు ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే ఉబ్బసం తెప్పించగలవు. ముక్కుకి చేతిరుమాలు కట్టుకుని స్ప్రే కొట్టే సరుకు కాదు. మా ఇంట్లో దాని ఊసే వద్దన్నాను.

ఆ ఆదివారం మనసు మళ్లుతుందని మరిదిని శిల్పారామం తీసుకెళ్లాను. అక్కడ ఏటికొప్పాక బొమ్మలు చూసి, "ఇలా లక్క వేస్తే?" అన్నాడు. అంకుడు కర్రని చట్రంమీద గిరగిరా తిప్పుతూ లక్కబిళ్ల ఆనిస్తే, ఆ రాపిడి వేడికే కరిగి అంటుకుంటుంది. మరి గిటారు తిరగదే! స్పిరిట్‌లో కరిగించిన లక్కని వడ్రంగులు గుడ్డతో రుద్దుతారనుకోండి, చాలా అందంగా ఉంటుంది. కానీ వేడికీ స్పిరిట్‌కీ తట్టుకోదు. వాయించేటప్పుడు ముంజేయి చెమట తగిలే చోట తొందరగా అరుగుతుంది.

"రంగు మందమైతే నాదం చచ్చిపోదూ?" అని నా అనుమానం. బొబ్బిలి వీణకైతే ఆలోచించాల్సిందే. పనసకర్ర తొలిచిన బోలు కుండే అక్కడ మోగేది. ఎలక్ట్రిక్ గిటారులో తీగ కదలికని అయస్కాంతం, తీగచుట్టా పట్టుకుని స్పీకరుకి పంపుతాయి. రంగువల్ల చెవికి తెలిసే తేడా ఏమంత ఉండదు.

చివరికి నీళ్లతో కలిపే చెక్క రంగుకి ఓటేశాం. కారులా తళతళలాడదు, నిజమే. వాసన తక్కువ, బ్రష్ నీళ్లతో కడిగేసుకోవచ్చు. రాణీగంజ్ వెళ్లి రంగు, ఉప్పుకాగితం తెచ్చుకున్నాం. ముడతలుపడ్డ ఎనామెల్‌ని, లాకర్‌ని మాస్కు కట్టుకుని డాబామీద పూర్తిగా గీకేశాడు. దాని కింది కంపెనీ రంగుని మాత్రం చెక్క దాకా తీయలేదు, అవసరం లేదు కూడా. 320 నంబరు కాగితంతో మెరుపు పోయేదాకా రుద్ది, గుంటల్లో లప్పం పెట్టి, ప్రైమర్ వేశాడు. మెడ బిగించే గాడిలో రంగు పడకుండా టేపు అంటించాడు. అక్కడ మందం పెరిగితే మెడ సరిగా కూర్చోదు మరి. ఆపైన పలచగా నాలుగు పొరలు, పొరకీ పొరకీ మధ్య 400 నంబరు కాగితం. రంగు ఎంపిక అత్తయ్యది. వంగపండు రంగు!

ఈ మధ్యలో తెలిసిన మాట ఇంకొకటి. ఇంట్లో రంగు మార్చిన గిటారుకి ధర పెరగకపోగా తగ్గొచ్చు. కొనేవాళ్లకి కంపెనీ రంగే ముద్దు. ఆ సంగతి చెబితే మావాడు "ఊఁ" అని, రుద్దుతూనే ఉన్నాడు.

ఇప్పుడది బాల్కనీలో తీగకి వేలాడుతోంది, ఉతికిన చీరల పక్కన. పైకి ఆరింది కానీ గట్టిపడడానికి రెండు వారాలైనా ఆగమన్నాను. రోజూ పొద్దున్నే దగ్గరికెళ్లి వాసన చూసి వస్తున్నాడు. నిన్న అత్తయ్య అడిగింది, "తీగలు ఎప్పుడు కడతావురా?" అని.

"బుధవారం ఇంటర్వ్యూ ఉందమ్మా, అది అయ్యాక" అన్నాడు.